దేశం కోసం ప్రార్థన - పల్లె చెప్పే లెక్క

ఆదివారం ఆరాధనలో వాక్యం చెప్పడానికి ముందు మా పల్లె చర్చీల్లో ఒక ప్రార్థన వుంటుంది. రోగుల కోసం, విధవరాండ్ర కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం అయ్యాక పాస్టరుగారు దేశం కోసం ప్రార్థన మొదలుపెడతారు. దేశం పాడైపోయిందనీ, లంచాలు పెరిగిపోయాయనీ, పాలకులకు దైవభయం లేకుండా పోయిందనీ, ప్రభువా మా దేశాన్ని బాగుచెయ్యమనీ అడుగుతారు. చాపల మీద కూచున్న ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుని 'ఆమెన్' అంటారు. చిన్నప్పట్నుంచీ మేమూ అన్నాం.

పరిశోధనలోకి వచ్చాక ఆ 'ఆమెన్' దగ్గర మాకొక అనుమానం పుట్టింది. దేశం పతనమైంది అనాలంటే అంతకుముందు అది ఎక్కడో ఎత్తున వుండివుండాలి. ఆ ఎత్తు ఎప్పుడుండేది? ఎవరికుండేది? దేశం గురించి క్రైస్తవులు పడిన ఆందోళనకు ఒక చరిత్ర వుంది. అది నిజాయితీ లేని చరిత్ర కాదు. కానీ ఆ చరిత్రలో పతనం మొదలైన తేదీ ఒకటి వేసి వుంది. మా పల్లెవాళ్లు వేసే తేదీ వేరు. ఈ రెండు తేదీల మధ్య వున్న దూరం గురించే ఈ వ్యాసం.

క్రైస్తవ మేధావులు సాధారణంగా వేసే తేదీ 1975 జూన్ 25. ఆ రాత్రి ఇందిరాగాంధీ ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. 1977 మార్చి 21న ఎత్తేసింది. ఈ ఇరవయ్యొక్క నెలల్లో సంఘ నాయకులు ఎక్కువమంది నోరు మెదపలేదు. క్రమశిక్షణ వచ్చింది, రైళ్లు వేళకు నడుస్తున్నాయి అని సంతోషించినవాళ్లూ వున్నారు. విదేశీ నిధుల భయం, బడుల గ్రాంట్ల భయం, మైనారిటీల భయం - కారణాలు అనేకం. ఆ మౌనంలో గొంతెత్తిన కొద్దిమందిలో ఇద్దరు కేరళ మార్తోమా సంఘానికి చెందినవారు. ఒకరు ఆ సంఘానికి మెట్రోపాలిటన్ అయిన జుహానోన్ మార్ తోమా. ఆయన ప్రధానికి నేరుగా ఉత్తరం రాసి తన అసమ్మతి తెలిపారు. 1976లో, ఎమర్జెన్సీ ముగియకుండానే చనిపోయారు. రెండోవారు ఎం.ఎం. థామస్.

థామస్ గురించి మన విద్యార్థులు తెలుసుకోవాలి. 1916లో పుట్టారు. యువకుడిగా ఒకేసారి రెండు తలుపులు తట్టారు - సంఘంలో గురువుగా అభిషేకం పొందాలని, కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడు కావాలని. కమ్యూనిస్టు వాసన కొడుతున్నాడని సంఘం వద్దంది, క్రైస్తవుడని పార్టీ వద్దంది. ఆయన జీవితమంతా ఆ రెండు తలుపుల మధ్య వాకిట్లోనే గడిచిందనిపిస్తుంది మాకు. బెంగళూరులో మతం, సమాజం మీద పరిశోధన చేసే క్రైస్తవ సంస్థకు డైరెక్టరయ్యారు. ప్రపంచ సంఘాల మండలి కేంద్ర కమిటీకి 1968 నుంచి 1975 దాకా అధ్యక్షత వహించారు. అంత పెద్ద పదవిలో వున్నవాడు ఎమర్జెన్సీలో వూరికే వుండిపోయినా అడిగేవాడు లేడు. ఆయన వుండలేదు. 1975 జులై నుంచి 1977 ఫిబ్రవరి దాకా రాసిన రాతలు తర్వాత 1979లో పుస్తకంగా వచ్చాయి. 'నిరంకుశత్వానికి జవాబు' అని ఆ పేరును మనం చెప్పుకోవచ్చు. పేదవాడికి కూడు ముందు, స్వేచ్ఛ తర్వాత అని ప్రభుత్వం అంటుంటే, స్వేచ్ఛ తీసేశాక ఆ కూడు కోసం అడిగే నోరు పేదవాడికి ఎక్కడుంటుంది అన్నది ఆయన వాదన సారాంశం. తర్వాత 1990లో నాగాలాండ్ గవర్నరయ్యారు. 1992లో కేంద్రం ఆయన్ని ఆ పదవి నుంచి తీసేసింది. అప్పుడు ప్రధాని మన తెలుగాయన పి.వి. నరసింహారావే. 1996లో థామస్ చనిపోయారు.

ఈ మనిషి ముందు మేం తల వంచుతాం. వంచి, ఒక ప్రశ్న అడుగుతాం.

1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెసు కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసే గెలిచింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా నుంచి గెలిచారు. మరి మన రాష్ట్రంలో ఎమర్జెన్సీ చల్లగా గడిచిందా? లేదు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లిలో నలుగురు విద్యార్థులను కాల్చేశారు. డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను వురి తీశారు. అయినా మాలపల్లెలు, మాదిగపల్లెలు చేతిగుర్తుకు ముందరి ఆ ఆవూదూడ గుర్తుకే ఓటు వేశాయి. ఇరవై సూత్రాల్లో ఇళ్ల స్థలాలు వున్నాయి, వెట్టి రద్దు వుంది. 1976లో వెట్టి రద్దు చట్టమూ వచ్చింది. అంటరానితనం నేరాల చట్టం అదే ఏడాది పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. మా పల్లెల్లో ముసలివాళ్లు ఈనాటికీ 'ఇందిరమ్మ యిచ్చిన స్థలం' అంటారు. దీన్ని చూసి పల్లెవాళ్లకు ప్రజాస్వామ్యం విలువ తెలియదని రాసిన పెద్దలున్నారు. మేం అలా అనుకోవడం లేదు. ఎమర్జెన్సీ అంటే అరెస్టుకు కారణం చెప్పక్కర్లేకపోవడం, కోర్టుకెళ్లే దారి లేకపోవడం, మాట్లాడితే దెబ్బలు పడటం. ఇవి ఢిల్లీ పెద్దలకు ఆ రాత్రి కొత్తగా వచ్చాయి. పల్లెకు ఏ రాత్రీ కొత్తగా రాలేదు. మునసబు, కరణం, మోతుబరి వున్న వూళ్లో మాదిగ మనిషికి 1974లో మాత్రం ఏ హెబియస్ కార్పస్ వుంది? థామస్ చెప్పింది తప్పు కాదు. ఆయన గడియారం ఆలస్యంగా మొదలైంది, అంతే.

పల్లె గడియారం ప్రకారం తేదీ వేయాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1947 ఆగస్టులో రాజ్యాంగ సభకు వచ్చిన మైనారిటీల నివేదికలో భారతీయ క్రైస్తవులకు కేంద్ర శాసనసభలోనూ, మద్రాసు, బొంబాయి రాష్ట్రాల్లోనూ రిజర్వు స్థానాలు వున్నాయి. 1949 మే నెలకు అవి పోయాయి. ఎవరో లాక్కోలేదు, క్రైస్తవ నాయకులే వదులుకున్నారు. మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు, రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు అయిన హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. జెసూట్ గురువు జెరోమ్ డిసౌజా, కపుర్తలా రాజకుటుంబంలో పుట్టిన రాజకుమారి అమృత్‌కౌర్ కూడా అదే దారి. దేశం ముందు, సమాజం తర్వాత అనుకున్నారు. అంతకుముందు 1930లలో డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కూడా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారే. ఆయన డయోసిస్‌లో విశ్వాసులు అత్యధికం మాలలు, మాదిగలు. వీళ్లెవరి దేశభక్తినీ మేం శంకించడం లేదు. కాని వదులుకున్న సీట్లలో తాము కూచోవాల్సినవాళ్లు ఒకరు, వదులుకున్నవాళ్లు ఇంకొకరు. ఈ పెద్దల్లో ఎవరూ మన పల్లెల్లోంచి వచ్చినవారు కారు. మా అమ్మమ్మలను ఎవరూ అడగలేదు.

ఆ త్యాగానికి ఏడాది తిరిగేసరికి జవాబు వచ్చింది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు విడుదలైంది. అందులో మూడో పేరా, హిందూమతం కాని మతాన్ని అవలంబించే ఏ వ్యక్తినీ షెడ్యూల్డు కులస్తుడిగా పరిగణించరాదంది. పంజాబులోని నాలుగు సిక్కు కులాలకు మాత్రం అప్పుడే మినహాయింపు దొరికింది. 1956లో సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే వుండిపోయారు. ఈ గీత మొదట గీసింది బ్రిటిషువాళ్లు, 1936 ఉత్తర్వులోనే. తెల్లదొర చేసిన ప్రతిదాన్నీ తిట్టే మన దేశభక్తులు దీన్ని మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు.

మా లెక్కలో పతనం మొదలైన తేదీ ఇదే. ఎందుకో చెప్తాం. రిజర్వేషన్ ఒక్కటే దీనికి కారణం కాదు. దాని గురించి చాలామంది రాశారు. కొత్తగా పుట్టిన రిపబ్లిక్ తన పౌరుల్లో అందరికన్నా పేదవాళ్లను పిలిచి, 'అబద్ధం చెప్పు, అన్నం పెడతాను' అన్న రోజు అది. దేశపు నైతిక పతనం అంటే లంచం తీసుకునే గుమాస్తా మాత్రమే కాదు. నిజం చెప్పినవాడికి అన్నం లేకుండా చేసే కాగితం దానికన్నా పెద్దది.

ఆంధ్రలో ఆ కాగితం ఎలా పనిచేస్తుందో ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. పిల్లకు చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. చర్చిలో రూతమ్మ, బడిలో రమాదేవి. షెడ్యూల్డు కులం నుంచి క్రైస్తవులైనవారిని 1970లో రాష్ట్ర ప్రభుత్వం వెనకబడిన తరగతుల్లో 'సి' గ్రూపుగా పెట్టి ఒక్క శాతం యిచ్చింది. నిజం చెప్పేవాడికి ఒక్క శాతం అన్నమాట. మేం కులం సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు - తహసీల్దారు ఆఫీసని పేరు మారినా మా వూళ్లో ఇంకా ఎమ్మార్వో ఆఫీసే అంటారు - అక్కడి ఉద్యోగి మా నాన్నను ఇంట్లో గోడకి ఏ పటం వుందని అడిగాడు. నాన్న కాసేపు నేల చూశాడు. తర్వాత 'క్యాలెండరుందండి' అన్నాడు. అది అబద్ధం కాదు, క్యాలెండరు వుంది. దాని మీద గొర్రెల కాపరి బొమ్మ వుంది. ఆ సంగతి ఆయన అడగలేదు, నాన్న చెప్పలేదు.

వ్యక్తుల అనుభవం చాలదనేవాళ్లు జనాభా లెక్కలు చూడొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68. 2011 నాటికి 1.34. ఈ నలభయ్యేళ్లలో చర్చీలు మూతపడ్డాయా? పల్లెకు ఒకటున్నచోట మూడయ్యాయి. జనం క్రీస్తును వదల్లేదు, కాగితం మీద రాయడం వదిలేశారు. లక్షలమంది పేదవాళ్లు పదేళ్లకొకసారి ఎన్యూమరేటరు ముందు కూచుని తామెవరో చెప్పకుండా మింగేసిన అంకె అది. బలవంతపు మతమార్పిడుల వల్ల క్రైస్తవులు పెరిగిపోతున్నారని ప్రచారం చేసేవాళ్లూ ఈ అంకె చూడరు, దేశం కోసం వలపోసే మన సంఘ పెద్దలూ చూడరు.

ఇక 1985. ఆ ఏడాది దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు మాదిగలు ఎక్కువమంది క్రైస్తవులు. ఒంగోలు చుట్టుపక్కల మాదిగల క్రైస్తవం నిన్నమొన్నటిది కాదు. యెర్రగుంట్ల పేరయ్య 1860లలోనే తన వాళ్లను కూడగట్టుకుని ఈ దారి పట్టాడు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసం కలిశారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ మిషనరీ క్లౌ బాప్తిస్మాలు ఆపి వుంచాడు. ఆ పరంపరలోని మనుషులే కారంచేడు మాదిగలు. 1985 జులై 16న, వాళ్లు తాగే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెలకు కుడితి పెట్టి ఆ మురికి నీళ్లలో కలుపుతుంటే ఇదేంటని అడిగారు. కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు 17న కమ్మ భూస్వాములు మందగా వచ్చి పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్లను చెరిచారు. చచ్చిపోయినవాళ్లలో మోషే వున్నాడు, అబ్రహాము వున్నాడు. పారిపోయినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అది నాటి ముఖ్యమంత్రి వియ్యంకుడి వూరు. ప్రభుత్వ ప్లీడరుగా వున్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా చేశారు. కత్తి పద్మారావు, తారకం ముందుండగా దళిత మహాసభ పుట్టింది. ప్రధాన సాక్షుల్లో ఒకరైన ఆలీసమ్మను కూడా ఆ తర్వాత చంపేశారు.

బిందె ఎత్తిన మనిషి పేరు సువార్త. ఈ సంగతి మన ఉద్యమ సాహిత్యం ఎంతో రాసింది కాని, ఆ పేరు ఎక్కడిదో ఎక్కువగా ఆగి చూడలేదు. వామపక్ష మిత్రులకు అది కూలీ మనిషి పేరు, మహాసభకు దళిత స్త్రీ పేరు. రెండూ నిజమే. అది చర్చిలో పెట్టిన పేరు కూడా. నాబోతు ద్రాక్షతోట కథ ఆదివారంబడిలో విన్న మనుషులు వాళ్లు. రాజు కోరినా తండ్రుల భాగం యివ్వనన్నవాడి కథ అది. చెరువు దగ్గర ఎదురు మాట్లాడే ధైర్యంలో ఆ కథకు వాటా లేదని ఎవరనగలరు?

కారంచేడు జరిగిన 75 రోజులకు, 1985 సెప్టెంబరు 30న, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ఆది ద్రావిడ, క్రైస్తవుడు. రోడ్డు పక్క చెప్పులు కుట్టే షెడ్యూల్డు కులాల వాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు యిచ్చింది. క్రైస్తవుడని ఆయనకు యివ్వలేదు. ఆయన రాష్ట్రపతి ఉత్తర్వునే సవాలు చేశాడు. మతం మారాక కులం మిగిలిందని చూపితే చాలదు, కులం వల్ల పడిన బాధలు కొత్త మతసమాజంలో కూడా అంతే తీవ్రంగా సాగుతున్నాయని రుజువు చూపాలంది కోర్టు. చూపలేదని కొట్టేసింది.

ఆ రెండున్నర నెలలూ చీరాల చర్చి ఆవరణలో రుజువు కూచుని వుంది. కోర్టు కులాన్ని చర్చి బెంచీల మధ్య వెతకమంది. అక్కడా వుంది, లేదనం. మాల చర్చి, మాదిగ చర్చి మనం కట్టుకున్నవే. కాథలిక్ సంఘంలో రెడ్డి, కమ్మ క్రైస్తవుల పెత్తనం అందరికీ తెలిసిందే. ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సివచ్చింది, ఆ మొదటివారు హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కావడం మనకు సంతోషమే. కాని కులం ప్రధానంగా వుండేది చెరువు గట్టున. మతం మారినవాడు వూరు మారడు. గొడ్డలి ఎత్తినవాడు మోషేను నువ్వు ఏ మతమని అడగలేదు. కొట్టేవాడికి అక్కరలేని తేడా న్యాయమూర్తికి కావలసివచ్చింది.

ఇక్కడ మన సంఘాల పాత్ర కూడా చెప్పుకోవాలి. చీరాలలో గేట్లు తీసినవాళ్లు, బువ్వ వండిపెట్టినవాళ్లు వున్నారు. వాళ్ల రుణం తీరేది కాదు. సంస్థగా సంఘం మాత్రం కారంచేడును 'దురదృష్టకర సంఘటన' లెక్కలో వేసుకుంది. దేశం పతనం లెక్కలో వేయలేదు. ఎమర్జెన్సీ దేశ సమస్య, కారంచేడు స్థానిక సమస్య. పత్రికల మీద సెన్సారు ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు, నిజం గొడ్డలిపెట్టు మాత్రం శాంతిభద్రతల విషయం. 1981లో బెంగళూరు వేదాంత కళాశాలలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతం మాట మొదలైంది. అది సెమినరీ నుంచి పల్లె ప్రసంగ వేదిక దాకా రావడానికి చాలా కాలం పట్టింది, చాలాచోట్ల ఇంకా రాలేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో కాలవలో పారేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరా తీసేయమంది, ఏ ప్రభుత్వమూ తీయలేదు. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ ఆధ్వర్యంలో మరో కమిషన్ వేశారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లోనూ, 2023లోనూ దళిత క్రైస్తవులకు హోదా యివ్వాలని తీర్మానాలు చేసింది. 2025లో అదే రాష్ట్రపు హైకోర్టు, క్రైస్తవం అవలంబించే మనిషి షెడ్యూల్డు కులాల అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టలేడని చెప్పింది. ఆ కేసు పెట్టిన మనిషి ఒక పాస్టరు. పాస్టరు గనక తన విశ్వాసాన్ని దాచుకోలేకపోయాడు.

ఈ వ్యాసం కోసం మేం ఒక పల్లె చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు చూశాం. పాత రిజిస్టరు, అట్ట చెదలు పట్టింది. ఒక పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, పాస్టరు సంతకం. అదే పిల్ల పక్కవీధి బడి అడ్మిషన్ రిజిస్టరులో వేరే పేరుతో, మతం దగ్గర హిందూ అని వుంది. రెండింట్లోనూ పుట్టిన తేదీ ఒకటే. చరిత్ర రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకదని సంబరపడి కెమెరా తీశాం. ముసలి పాస్టరుగారు రిజిస్టరు మీద చెయ్యి పెట్టారు. 'ఫోటో వద్దు నాయనా, ఆ పిల్ల టీచరుద్యోగం చేస్తావుంది. పోద్ది' అన్నారు. రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఆ రోజు శనివారం. మర్నాడు ఆరాధనలో ఆయన దేశం కోసం ప్రార్థన చేస్తుంటే మేం వెనక చాప మీద కూచుని వున్నాం.